అధికారాంతమునందు... "రా"నా, "దా"నా?

డెలావేర్ తెలుగోడు: అమెరికా కాంగ్రెస్ మాజీ సభ్యుడు బిల్లీ టోజన్ మీద వ్యాసం రాస్తుంటే ఒక పాదం నాలుక మీద ఆడుతోంది. "అధికారాంతమందు చూడవలె గదా ఆ అయ్య సౌభాగ్యముల్". సరేనా?

గణపరీక్ష: మత్తేభం కాళ్ళు విరిచారు. "అధికారాంతమునందు" అనాలి. "గదా" పెడితే ఒక లఘువు ఎక్కువ. "జూడవలెరా ఆ అయ్య" అంటే ఇరవై అక్షరాలూ సరి, పద్నాలుగో చోట యతి కూడా.

పాత పంతులు: మా తాతగారు "చూడవలదా" అనేవారు. పెద్దల సభలో చదివే చాటువులో "రా" ఏమిటండీ?

గణపరీక్ష: గణానికి రెండూ ఒకటే మాస్టారూ. వెటకారానికి "రా"నే రుచి.

ఓరుగల్లు: అక్షరం సరే, అర్థమే తిరగబడ్డది గదా. చాటువులో సౌభాగ్యం ఎగతాళి, కుర్చీ దిగినాక పలకరించే దిక్కుండదని. టోజన్ 2003లో మెడికేర్ (అక్కడి ముసలోళ్ళ సర్కారు ఆరోగ్య బీమా) మందుల చట్టాన్ని నడిపించిన కమిటీ ఛైర్మన్. ధరల మీద ప్రభుత్వం కంపెనీలతో బేరమాడొద్దని ఆ చట్టంలోనే రాసిన్రు. 2005 జనవరిలో సభ దిగిండు, మందుల కంపెనీల సంఘం ఫార్మాకు అధినేత అయిండు. సౌభాగ్యం వాచ్యార్థమే!

డెలావేర్ తెలుగోడు: అదే నా టెన్షన్. డబ్బు తీసుకుని చట్టసభ వాళ్ళని ఒప్పించే లాబీయిస్టును ఏమనాలి? దళారీ అంటే తిట్టినట్టుంది.

ఓరుగల్లు: పైరవీకారు.

పాత పంతులు: పైరవీ చాటుగా చేసేది. అక్కడ పేరు నమోదు చేసుకుని, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో మూడు నెలలకోసారి చెప్పాలి.

ఓరుగల్లు: ఉర్దూలో పైరవీ అంటే వెంబడించుడు, కేసు నడుపుడు సార్. వకీలు చేసేదీ అదే. చాటు మనం అంటించినం. అయినా నమోదు కానోళ్ళు లేరా? సెనేటర్ టామ్ డాష్లే 2004లో ఓడి, లా ఫర్మ్‌లో "సలహాదారు" అయిండు. లాబీయిస్టుగా పేరు ఎక్కించుకున్నది 2016లో. క్లయింటుకిచ్చే టైములో లాబీయింగ్ 20 శాతం లోపుంటే నమోదు అక్కర్లేదట.

తొండనాడు: ధూర్జటి నయం. రాయల కొలువు చూశాక "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అనేసి కాళహస్తీశ్వరుణ్ణి పట్టుకున్నాడు, వాషింగ్టన్ లాబీయిస్టుల అడ్డా కే స్ట్రీట్‌ని కాదు.

పాత పంతులు: కొలువు వదిలాకే రాశాడని శతకంలో ఎక్కడుందండీ?

తొండనాడు: ఆ కసి చూస్తే తెలియట్లేదా!

డెలావేర్ తెలుగోడు: సరే, "రా"నే పెడుతున్నా. వ్యాసం పంపేస్తా.

గణపరీక్ష: ఆగండి. "రా ఆ" అని అచ్చుల్ని అలా వదిలేస్తారా? "రా యా యయ్య" అనాలి. య-అ యతి ఎటూ చెల్లుతుంది.

పాత పంతులు: అప్పుడు "దా యా యయ్య" కూడా చెల్లుతుందిగా.