సానిటైజర్ వాసన తగిలితే తాగాలనిపిస్తోంది, ఏం చేయాలి?

లెక్కల మాస్టారు, ఒంగోలు (2020 ఆగస్టు)

ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మందు మానేసి రెండేళ్లు దాటింది. మే నెలలో మందు షాపులు తెరిచినప్పుడు నాకు పెద్దగా ఇబ్బంది కాలేదు. రేట్లు 75 శాతం పెంచినా ఆ ఎండలో అంత పొడుగు క్యూలు కట్టారు. వాళ్లను చూసి బాధేసింది గానీ నాకు వెళ్లాలనిపించలేదు. ఇప్పుడు ఇబ్బంది ఇంట్లోంచే మొదలైంది.

మా గుమ్మం పక్కన స్టూలు మీద సానిటైజర్ సీసా ఉంటుంది. అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. అందుకే బయటి నుంచి ఎవరొచ్చినా రాసుకోవాల్సిందే. అరచేతిలో పోసుకోగానే ఆ వాసన గుప్పుమంటుంది, నోట్లో నీళ్లూరతాయి. పగలు ఎలాగో గడిచిపోతోంది. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు అయ్యాక, ఆరున్నర ఏడు మధ్యలో, తట్టుకోలేకపోతున్నాను. వచ్చేది సగం జీతం, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. వీధి చివరింట్లో కరోనా పాజిటివ్ వచ్చిందని అడ్డంగా కర్రలు కట్టారు. మందు మానేసినవాళ్లం ఒకరికొకరు తోడుగా కలుసుకునే మా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగు జరిగే హాలు మార్చి నుంచి తాళం తీయలేదు.

కురిచేడు మా జిల్లాలోదే. కేసులు పెరిగి అక్కడ షాపులు మూసేస్తే, జూలై చివర్లో సానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ‘తాగుబోతులకు అలాగే కావాలి’ అని మా బంధువుల గ్రూపులో ఒకరు రాస్తే కడుపు మండింది. మందు దొరకనప్పుడు వచ్చే ఆ వణుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను సానిటైజర్ తాగుతానని భయం లేదు. ఆ వాసన నన్ను షాపు దాకా తీసుకెళ్తుందేమోనని భయం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ కోసం పెట్టిన సీసాను తీసేయమని ఏమని అడగను?

పాత మెంబరు, సికింద్రాబాద్

తమ్ముడూ, ముందు ఆ సీసా సంగతి. సబ్బూ నీళ్లూ ఉన్నచోట సానిటైజర్ అవసరమే లేదు. ఇరవై సెకన్లు బాగా రుద్ది కడిగితే చాలు, మీ అమ్మగారికి ఏ లోటూ రాదు. గుమ్మం బయట బకెట్, మగ్గు, సబ్బు పెట్టు. బయటి నుంచి వస్తే కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రావడం ఆమె వయసు వాళ్లకు చెప్పాల్సిన పనే కాదు, సంతోషిస్తారు. బ్యాంకు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర చేతిలో పోయబోతే ‘నాకు పడదండీ, సబ్బుతో కడుక్కుంటాను’ అను. అబద్ధం కూడా కాదు. నేను చిన్న డబ్బాలో సబ్బు ముక్క వేసుకుని తిరుగుతున్నాను.

ఇక ఆ ఆరున్నర. ఆ టైముకు నువ్వేం తిని ఉంటావు? మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నమే కదా? ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ మనకు ప్రమాదమని మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నాం! నీకు క్లాసు అయ్యేసరికి నాలుగూ ఒకేసారి వస్తున్నాయి. ఆరింటికే ఏదైనా తిను. ఉప్మా కావచ్చు, అటుకులు కావచ్చు, కడుపు నిండాలి. నా అనుభవంలో సగం కోరిక అక్కడే తగ్గుతుంది.

మీటింగులు ఆగలేదు తమ్ముడూ, ఫోన్లోకి వచ్చాయి. నాకు మొదట్లో నచ్చలేదు. పక్కన కూర్చున్న మనిషి భుజం తగలకపోతే అది మీటింగేమిటి అనుకున్నాను. కానీ దుబాయ్‌లో రూములో ఒంటరిగా ఇరుక్కుపోయిన మన కుర్రాడొకడు రోజూ వస్తున్నాడు. ఇన్నాళ్లూ హాలుకు రావడానికి జంకిన ఒకావిడ వీడియో ఆపేసి గొంతుతోనే మాట్లాడుతున్నారు. ఇంట్లో అందరి మధ్యా మాట్లాడలేకపోతే మేడ మీదికెళ్లి ఇయర్‌ఫోన్లు పెట్టుకో. లింకు నీకు విడిగా పంపిస్తాను.

ఇంకొక్క మాట. ఫోన్ చేయాల్సింది తాగకముందు. తాగాక చేసినా ఎత్తుతాం, అది వేరే విషయం. ముందే చేస్తే మాట్లాడుతూ ఉండగానే ఆ గంట గడిచిపోతుంది.

స్టాఫ్ నర్సు, హైదరాబాద్

డీ-అడిక్షన్ వార్డులో పనిచేశాను కాబట్టి రాస్తున్నాను. మాస్టారూ, రెండేళ్లు దాటాక మీకు కలుగుతున్నది మందు మానగానే వచ్చే వణుకు లాంటిది కాదు. వాసనతో పాత అలవాటు మేలుకుంటోంది. అది పెరుగుతుంది, కాసేపటికి తగ్గుతుంది. సాధారణంగా అరగంట దాటదు. ఆ అరగంటలో చేతికి పనో, చెవికి మనిషి మాటో ఉండాలి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ బిళ్ల వాడుతుంటే మాత్రం సానిటైజర్ సంగతి డాక్టరుకు చెప్పండి. కొందరికి దానివల్ల కూడా మొహం ఎర్రబడి గుండెదడ వస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో విషయం. రోజూ బాగా తాగేవాళ్లు ఇంట్లో ఉంటే, షాపు మూశారు కదా ఇదే మంచి అవకాశమని ఒక్కసారిగా మానిపించకండి. మార్చి చివర్లో షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి వచ్చినవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడంతో మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే ప్రాణాపాయమే. దానికి మందులున్నాయి, బి1 ఇంజెక్షన్ ఇస్తారు. ఆస్పత్రికి తీసుకెళ్లండి, సిగ్గుపడి ఇంట్లో కట్టిపడేయకండి. మందు తాగితే కరోనా రాదన్న వాట్సాప్ మాట పచ్చి అబద్ధం. అది నమ్మి ఇరాన్‌లో మిథనాల్ తాగి వందల మంది పోయారు. బతికినవాళ్లలో కొందరికి చూపు పోయింది.

ఖమ్మం నుంచి ఒక ఇల్లాలు

అన్నా, మీ ఇంటావిడకు ఇవాళే చెప్పండి. మా ఆయన మానేసిన కొత్తలో నన్ను భయపెట్టింది ఆయన మౌనమే. ఏం జరుగుతోందో తెలియక జేబులు వెతికేదాన్ని, దగ్గరికొస్తే వాసన చూసేదాన్ని. ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే వచ్చి ‘ఇవాళ తాగాలనిపిస్తోంది’ అన్నారు. కాళ్లు వణికాయి కానీ ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. మీరు దాచేకొద్దీ ఆమె కూడా ఏదో ఒకటి ఊహించుకుంటూనే ఉంటుంది.

లెక్కల మాస్టారు, ఒంగోలు

అందరికీ దండాలు. అక్కా, మీరు రాసింది చదివి నిన్న రాత్రి మా ఆవిడకు చెప్పాను. ‘ఆ స్టూలు దగ్గర మీ మొహం మారడం చూస్తూనే ఉన్నాను’ అంది. సీసా ఇప్పుడు ఆమె బీరువాలో ఉంది. అమ్మకు కారణం చెప్పలేదు, అడగనూ లేదు. కుళాయి దగ్గర సబ్బుపెట్టె తనే కడిగిపెట్టింది.

అన్నా, లింకు అందింది. ఏడింటికి వస్తాను. మా కాలేజీ అటెండరు ఒకతను రోజూ తాగుతాడు, జీతం లేక ఈ వారం మానేశానని చెప్పాడు. నర్సమ్మ గారు రాసింది చదివాక అతని గురించి టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.