ఒక్కడినే ఎగరేసే అలవాటుతో ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లోకి: ఏం మార్చుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు కమర్షియల్ లైసెన్స్, మల్టీ ఇంజిన్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నాయి. ఇప్పటిదాకా నడిపిందంతా ఒంటరిగానే, ఎక్కువగా చిన్న ట్విన్‌లో (రెండు ఇంజిన్ల విమానం) సరుకు రవాణా. ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో అవకాశం వచ్చింది. ముందు ఎంసీసీ (ఇద్దరు పైలట్లు కలిసి పనిచెయ్యడం నేర్పే) కోర్సు, ఆ తర్వాత జెట్ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత).

విమానం నడపడం గురించి దిగులు లేదు. రేడియో, ట్రిమ్, చార్టు, చెక్‌లిస్టు అన్నీ నేనే చూసుకోవడం నరనరానా ఇంకిపోయింది. పక్కన ఇంకో పైలట్ కూర్చుంటే నా చేతులు ఊరుకోవేమో, నోరు పెగలదేమో అని సందేహం. ఇంటి దగ్గర ఏం సాధన చేసి వెళ్తే మంచిది? ఇంకొకటి: నాకంటే ఎంతో అనుభవమున్న కెప్టెన్ పొరపాటు చేస్తున్నారనిపిస్తే నిజంగా ఏమంటారు? పుస్తకంలో సూత్రం కాదు, నోటితో అనే మాట కావాలి.

జవాబు (ఫస్ట్ ఆఫీసర్, జెట్):

అభినందనలండీ. మీ భయం సరైనదే, ముందే పట్టుకున్నారు కాబట్టి సగం పని అయింది. ఒంటరిగా నడిపేవారు మనసులో అనుకుని చేసేస్తారు. వినేవాళ్లు లేరు కాబట్టి అక్కడ తప్పేమీ లేదు. ఇద్దరున్న చోట మీరు అనుకున్నది బయటికి వినపడేదాకా లేనట్టే లెక్క. పక్కవారు దాన్ని సరిచూడలేరు, దానికి తగ్గట్టు సిద్ధం కాలేరు.

పైలట్ ఫ్లయింగ్ (విమానం నడిపేవారు), పైలట్ మానిటరింగ్ (గమనిస్తూ సరిచూసేవారు) అని రెండు పాత్రలు. సెక్టార్‌ను (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా) బట్టి మారుతుంటాయి. ముందు తెలుసుకోవాల్సింది దేన్ని ఎవరు ముట్టుకుంటారన్నది. మీరు చేత్తో నడుపుతున్నప్పుడు ప్యానెల్ మీద హెడింగ్ (దిశ), ఆల్టిట్యూడ్ (ఎత్తు) అంకెలు మీరు తిప్పరు, అడిగి తిప్పిస్తారు. ఆటోపైలట్ వేసి ఉంటే సాధారణంగా మీరే తిప్పుతారు, కానీ తిప్పింది చెప్తారు, ఏ మోడ్ పట్టుకుందో తెర మీద చూసి చదువుతారు. గేర్ (చక్రాలు), ఫ్లాప్ (రెక్కల వెనక పలకలు) లీవర్లు అవతలివారి పని. మీరు "ఫ్లాప్స్ ఫైవ్" అంటే వారు ముందు స్పీడ్ చూసి, ఆ మాట పైకి అని, అప్పుడు లీవర్ కదుపుతారు. అంటే మీ ఆదేశం మీద ఒక తనిఖీ జరిగింది. మీరే చెయ్యి చాపి లాగేస్తే ఆ తనిఖీ పోయినట్టే.

నా మటుకు కష్టమైన పని మానిటరింగే. చేతికి పని లేకుండా కళ్లు మాత్రం పని చెయ్యాలి. ఒంటరి పైలట్‌కు అది కొత్త విద్య.

సాధనకు ఖర్చేమీ లేదు. కాక్‌పిట్ పోస్టర్ గోడకు అంటించి, ఎదురుగా రెండు కుర్చీలు వేసుకోండి. కోర్సులో చేరే మిత్రుడు ఇంకొకరు దొరికితే మరీ మంచిది. ఇంజిన్ స్టార్ట్ నుంచి ఆఫ్టర్ టేకాఫ్ చెక్‌లిస్టు దాకా ఫ్లోలు (స్విచ్‌లు వరసగా చూసే క్రమం) చేతితో చూపిస్తూ, కాల్‌అవుట్లు (పైకి అనాల్సిన నిర్ణీత మాటలు) గొంతెత్తి చెప్పండి. మీ కంపెనీ ఎస్‌ఓపీలో (నిర్ణీత పని పద్ధతుల పుస్తకం) ఏ మాట ఉందో అదే మాట, అక్షరం పొల్లు పోకుండా. విమానం పైకి లేస్తోందని చెప్పడానికి బోయింగ్‌లో "పాజిటివ్ రేట్" అంటారు, ఎయిర్‌బస్‌లో "పాజిటివ్ క్లైంబ్". ఏదైతేనేం అనిపిస్తుంది. కానీ మునుపెన్నడూ చూడని మనిషితో అర్ధరాత్రి డ్యూటీలో కూర్చున్నప్పుడు ఆ మాటే ఇద్దరినీ కలిపేది.

జవాబు (ట్రైనింగ్ కెప్టెన్):

పైన చెప్పినదానికి ఒక్క విషయం గట్టిగా కలుపుతాను: తొందర. ట్విన్‌లో ఇంజిన్ పోతే వెంటనే గుర్తుపట్టి, సరిచూసుకుని, ఫెదర్ (గాలికి అడ్డు తగ్గేలా ప్రొపెల్లర్ రెక్కలు తిప్పడం) చెయ్యాలని నేర్పారు. ఒంటరిగా ఉన్నప్పుడు అది ప్రాణాధారం. ఎయిర్‌లైన్ విమానంలో అదే వేగం చంపుతుంది. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72 టేకాఫ్ అయిన కాసేపటికే 2వ ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతట అదే ఫెదర్ అయింది. నడుపుతున్న పైలట్ బాగా పనిచేస్తున్న 1వ ఇంజిన్ పవర్ తగ్గించారు. పక్కనున్నవారు ఆగి సరిచూద్దామన్నా ఆగలేదు. 58 మందిలో 43 మంది పోయారు.

అందుకే ఇంజిన్ చెడినప్పుడు థ్రస్ట్ లీవర్, ఫ్యూయల్ కటాఫ్, ఫైర్ హ్యాండిల్ లాంటివి ఒక్కరి నిర్ణయంతో కదలవు. ఒకరు చెయ్యి పెట్టి ఏ ఇంజినో చెప్తారు, రెండోవారు చూసి "కన్ఫర్మ్" అంటారు, ఆ తర్వాతే కదులుతుంది. చాలా కంపెనీల్లో కనీసం 400 అడుగుల దాకా గేర్ ఎత్తడం, విమానం నడపడం తప్ప ఇంకేమీ మొదలుపెట్టరు. సిమ్యులేటర్‌లో నేను చూసేది ఇదే: ఒంటరిగా నడిపి వచ్చినవారు విమానాన్ని చక్కగా పట్టుకుంటారు, చేతులు మాత్రం పరుగెడతాయి. ఆ క్షణంలో రెండు చేతులూ వాటి చోట ఉంచి, పేరు పెట్టి వైఫల్యాన్ని పలకండి. అది పలికేలోపు మనసు కుదుటపడుతుంది.

ఇక కెప్టెన్‌కు చెప్పడం. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 ఇంధనం అయిపోయి కూలింది. గేర్ సమస్య చూసుకుంటూ తిరుగుతుండగా ఇంధనం తరిగిపోతోందని మిగతా సిబ్బందికి తెలుసు, మాటల్లో అన్నారు కూడా. కెప్టెన్‌కు తగిలేంత సూటిగా అనలేదు. ఎయిర్‌లైన్లలో సీఆర్‌ఎం (సిబ్బంది కలిసి మాట్లాడుకుంటూ పనిచెయ్యడం) శిక్షణ మొదలవడానికి ఆ ప్రమాదం పెద్ద కారణం.

మెట్లు నాలుగు. దిగేటప్పుడు ఉండాల్సిన ఎత్తు (ప్రొఫైల్) కన్నా పైన ఉన్నారనుకోండి. మొదట అడగండి: "కెప్టెన్, మనం ప్రొఫైల్‌కు పైన ఉన్నామా?" జవాబు లేకపోతే ఉన్నది చెప్పండి: "600 అడుగులు ఎత్తుగా ఉన్నాం, స్పీడ్ ఎక్కువగా ఉంది." మూడోది, ఏం చెయ్యాలో చెప్పడం: "ఇలా అయితే స్టేబుల్ కాము, ఇంకో రౌండ్ తీసుకుందాం." నాలుగోది ఆజ్ఞ, దిగడం ఆపి మళ్ళీ పైకెక్కమని: "గో అరౌండ్." చాలా కంపెనీల్లో ఈ మాట ఏ సీటు నుంచి వచ్చినా నడుపుతున్నవారు చేసి తీరాలి. వాదన కింద దిగాక. సమయం లేకపోతే మొదటి మూడు మెట్లూ దాటెయ్యండి. గౌరవం తగ్గించక్కర్లేదు, గొంతు తగ్గించకండి. నేను కూడా మనిషినే, అలసిపోతాను. నా పక్కవారు నోరు విప్పితేనే నాకు భద్రత.

మళ్ళీ ప్రశ్న:

చాలా ధన్యవాదాలు సర్. రెండు చిన్న సందేహాలు. అవతలివారు అసలు పలక్కపోతే? నా ఒంటరి అనుభవం ఇక్కడ భారమేనా?

జవాబు (ట్రైనింగ్ కెప్టెన్):

రెండుసార్లు పిలిచినా సరైన జవాబు రాకపోతే వారికి స్పృహ తప్పిందనే అనుకోండి. "ఐ హావ్ కంట్రోల్" అని పైకి చెప్పి విమానం తీసుకోండి, మిగతావి తర్వాత.

అనుభవం భారం కాదు. ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్, వాతావరణం చూసి వెనక్కి తిరిగే ధైర్యం ఇవన్నీ మీకు ఒంటరిగానే వచ్చాయి, అవి అలాగే ఉంచుకోండి. నేర్చుకోవాల్సింది పని వదిలిపెట్టడం.

జవాబు (ఫస్ట్ ఆఫీసర్):

ఒకటి మరిచాను. కోర్సు ఎంచుకునే వీలుంటే ఏపీఎస్ ఎంసీసీ (ఎయిర్‌లైన్ ప్రమాణాలకు తగ్గ పెద్ద ఎంసీసీ కోర్సు) చూడండి. యూరప్ నియమాల్లో మామూలు ఎంసీసీకి సిమ్యులేటర్ భాగం 20 గంటలే, ఏపీఎస్‌లో 40. కాల్‌అవుట్లు మాత్రం రెండు పాత్రలవీ నేర్చుకుని వెళ్లండి. సెషన్ మధ్యలో పాత్రలు మారుస్తారు. మీ సగం ఒక్కటే వస్తే మానిటరింగ్ చేసేటప్పుడు తర్వాత రావాల్సిన మాట రాలేదని మీకు తెలియదు.