పుస్తకం మూడుసార్లు చదివినవాడు సినిమా ఎలా చూడాలి?

అబిడ్స్ ఆదివారం:

నాకో రోగం ఉంది, మందు చెప్పండి.

1998లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి 120 రూపాయలకి కొన్నాను టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. మూడు భాగాలూ ఒకే అట్టలో కుట్టిన ఇటుకరాయి. మధ్యమధ్య ఆలన్ లీ వేసిన నీటిరంగుల బొమ్మలు. అట్ట రెండుసార్లు ఊడితే బ్రౌన్ టేపు వేశాను. మొత్తం మూడుసార్లు చదివాను. 2001లో సినిమా వస్తే హాలుకి వెళ్లలేదు. పంతం.

ఇప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్లు. ఆ సినిమా చూడాలంది, అదీ నాతోనే. పోయిన శనివారం కూర్చున్నాం. బిల్బో పుట్టినరోజు విందు దాకా బుద్ధిగానే ఉన్నాను. తర్వాత మాంత్రికుడు గండాల్ఫ్ ఇలా వెళ్లి అలా వచ్చేశాడు. పాజ్ నొక్కాను. "పుస్తకంలో ఈ మధ్య పదిహేడేళ్లు గడుస్తాయి తెలుసా?" అది తలూపింది. కథానాయకుడు ఫ్రోడో స్నేహితులు మెర్రీ, పిప్పిన్ ఎవరి చేలోనో కూరగాయలు దొంగిలించి పారిపోతూ ఫ్రోడోని గుద్దేశారు. మళ్లీ పాజ్. పుస్తకంలో వాళ్లు ముందునుంచీ ఫ్రోడో దాచిన ఉంగరం రహస్యం అంతా కనిపెట్టి, వెంట రావడానికి సిద్ధమై కూర్చుంటారు. ఆ రైతు మాగట్ వీళ్లకి అన్నం పెట్టి, బండిలో దిగబెట్టి, బుట్టెడు పుట్టగొడుగులు ఇచ్చి మరీ పంపుతాడు. సినిమాలో ఆ బుట్టే లేదు!

ఇక నది దగ్గర. పుస్తకంలో ఫ్రోడో ఒంటరిగా గుర్రం మీద, గాయంతో వణికిపోతూ, వెనక్కి తిరిగి, ఉంగరం కోసం తరిమే నల్లరౌతుల మీద కత్తి ఎత్తుతాడు. సినిమాలో ఎల్ఫ్ జాతి అమ్మాయి ఆర్వెన్ ముందు మూటలా పడున్నాడు. ఎదిరించేది ఆవిడ. ఇక్కడ నేను ఆరు నిమిషాలు మాట్లాడానట, మా అమ్మాయి టైము చూసింది. "నాన్నా, నువ్వు పుస్తకం చదువుకో, నేను సినిమా చూసుకుంటా" అని రిమోట్ లాక్కుని, అదీ చూడకుండా పోయి పడుకుంది.

ఎల్ఫ్‌ల ఊరు రివెండెల్ గుమ్మంలో ఆగిపోయాం. వచ్చే శనివారం మిగతాది చూద్దామని ఎలాగో ఒప్పించాను. పుస్తకాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు సినిమాని ఎలా ఆనందిస్తారు? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

నల్లకుంట 44:

అన్నా, బిడ్డ చెప్పింది కరెక్టే. నేను సినిమా ముందు చూసిన, పుస్తకం తర్వాత పట్టుకున్న. ఆ అడవిల ఉండే టామ్ బాంబడిల్ వచ్చినంక ఒకటే పాటలు. పక్కకు పెట్టి ఆర్నెల్లు మళ్ల ముట్టలే. సినిమాల ఆయన్ని తీసేసిండ్రు, మంచిగ చేసిండ్రు. కొట్టకుండ్రి.

పచ్చిపులుసు:

కొట్టం గానీ ఒక మాట. బాంబడిల్ పోతే పోయాడు, ఆయనతో పాటు ఆ పాత సమాధుల్లో దొరికిన కత్తి కూడా పోయింది. మూడో భాగంలో మెర్రీ నల్లరౌతుల రాజుని మోకాలి వెనక పొడిచేది ఆ కత్తితోనే కదా. దాన్ని ఎప్పుడో ఎవరో ఆ శత్రువు కోసమే చేశారని తెలిస్తే ఆ పోటు వేరు. సినిమాలో అదీ ఒక కత్తి, అంతే.

అయినా నేను ఏడుసార్లు చూశా. అబిడ్స్ గారూ, మీ పుస్తకంలో బొమ్మలు ఆలన్ లీవి అన్నారు. ఆయన్నే న్యూజిలాండ్ రప్పించి ఈ సినిమాలకి ఊళ్లూ కోటలూ గీయించారు. మూడో సినిమాకి ఆయనకి ఆస్కార్ కూడా వచ్చింది. శనివారం మీరు చూడబోయే రివెండెల్ ఎవరో పరాయివాడు గీసింది కాదు.

గోదారి గట్టు:

బాబూ, మా తాతగారు కాశీమజిలీ కథలు పైకి చదివేవారు. మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గొల్లపిల్లాడికి చెప్పే కథలు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'కి మూలం అందులోదే. నేను పుట్టాక కూడా అది మా ఊరికి మళ్లీ మళ్లీ వచ్చేది, ప్రతిసారీ వెళ్లేవాళ్లం. తెరమీద రంగారావు కళ్లు తిప్పితే చాలు, మా తాతగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు, కిక్కురుమనేవారు కాదు. బయటికొచ్చి రిక్షా ఎక్కాక అప్పుడు విప్పేవారు, "అసలు కథలో ఏమవుతుందంటే..." అని. ఇల్లొచ్చినా దిగేవారు కాదు. రిక్షావాడు కూడా వినేవాడు.

మీరూ రిక్షా దాకా ఆగండి.

అబిడ్స్ ఆదివారం:

గోదారి అమ్మగారికి దండం. శనివారం అయింది. రిమోట్ అమ్మాయి చేతిలో, ఇటుకరాయి నా ఒళ్లో, మూసే. జలపాతాల పక్కన రివెండెల్ కనపడగానే బొమ్మ పేజీ తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నా.

ఫ్రోడో జట్టులోని యోధుడు బోరోమిర్ చావు గురించి చెప్పాలి. పుస్తకంలో ఆ పోరాటం కనపడదు. కొమ్ముబూర విని అదే జట్టులోని అరగార్న్ పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. చెట్టుకి ఆనుకుని కూర్చున్న మనిషి, ఒంటినిండా నల్ల ఈకల బాణాలు, పిడి దగ్గర విరిగిన కత్తి, రెండుగా చీలిన కొమ్ము. నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఆలస్యంగానే వెళ్లాను. ఇక్కడ మొదటి బాణం నా కళ్లముందే దిగింది. తూలాడు, మళ్లీ కత్తి ఎత్తాడు. రెండోది. మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు. అతను ఎంతసేపు నిలబడ్డాడో నాకు పాతికేళ్లు దాటాక తెలిసింది.

ఈసారి పాజ్ నొక్కింది అమ్మాయి. "ఇది పుస్తకంలో ఉందా నాన్నా?"

"తర్వాత చెప్తా, ముందు కానివ్వు."

అయ్యేసరికి పన్నెండు. వాళ్లమ్మ లైట్లు ఆర్పమని రెండుసార్లు అరిచింది. వంటగదిలో నిలబడి ఆ రెండు పేజీలూ చదివి వినిపించా. "బాణాలు దిగేది రాయలేదేంటి?" అంది. "నువ్వు చూశావుగా" అన్నా. పుస్తకం ఇప్పుడు దాని మంచం మీదే ఉంది, టేపు మళ్లీ ఊడింది.

పుట్టగొడుగుల బుట్ట విషయంలో మాత్రం క్షమించేది లేదు.