పింగ్ వస్తోంది, కొన్ని సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదు

ఫైబర్‌తంటా:
విండోస్ 11, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్‌కి కలిసే పద్ధతి) లాగిన్ ఉన్న ఫైబర్ కనెక్షన్. పింగ్ (అవతలి మెషీన్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందా అని చూసే పరీక్ష) కొడితే నాలుగు రిప్లైలూ వస్తున్నాయి, లాస్ 0%. కానీ కొన్ని సైట్లు తెల్ల పేజీతో తిరుగుతూనే ఉంటాయి. మొబైల్ హాట్‌స్పాట్‌లో అవే సైట్లు వెంటనే వస్తున్నాయి. డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) మార్చినా తేడా లేదు. ఎక్కడ చూడాలి?

ప్యాకెట్‌పంతులు:
విండోస్‌లో ఉత్త పింగ్ మోసుకెళ్లేది 32 బైట్లే అండి. అంత చిన్నది ఏ ఇరుకు సందులోనైనా దూరిపోతుంది. నిండు సైజుది పంపండి:

పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1

-ఎఫ్ అంటే దారిలో ముక్కలు చేయొద్దని, -ఎల్ డేటా సైజు. 1472కి ఐపీ హెడర్ (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగం) 20, ఐసీఎంపీ (పింగ్‌నీ, దారిలోని లోపాల కబుర్లనీ మోసే ప్రోటోకాల్) హెడర్ 8 కలిపితే 1500. పీపీపీఓఈ అందులో 8 తినేస్తుంది కాబట్టి మీ లైన్లో 1464 పోవాలి, 1472 ఆగాలి. 1464 కూడా పోకపోతే పదేసి తగ్గించుకుంటూ రండి. 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) వద్దు, పెద్ద పింగ్‌కి అది జవాబు కత్తిరించి పంపుతుంది, లెక్క తికమకవుతుంది.

ఫైబర్‌తంటా:
1464కి నాలుగూ వచ్చాయి. 1472కి అన్నీ 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. రౌటర్లో వాన్ ఎంటీయూ (బయటి నెట్ వైపు ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 అని ఉంది.

రూట్‌రాణి:
దొరికింది. ఎంటీయూ 1492 అని ఉంటే రౌటరే 'ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ బట్ డీఎఫ్ సెట్' (ముక్కలు చేయాలి, కానీ చేయొద్దని గుర్తు ఉంది) అని తిప్పి చెప్పేది. 1500 అనుకుంటోంది గనక పంపేస్తోంది, ముందు ఎక్కడో చప్పుడు లేకుండా పడిపోతోంది. వాన్ ఎంటీయూ 1492 పెట్టి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఒక్కో ప్యాకెట్‌లో డేటా ఇంతకు మించొద్దని రౌటరే రెండు వైపులా చెప్పడం) ఉంటే ఆన్ చేయండి (ఐపీ, టీసీపీ హెడర్లు 20 చొప్పున తీసేస్తే 1492 – 40 = 1452).

ఇంకో మాట: పింగ్ చూపించేది మీ వైపు నుంచి వెళ్లే దారినే. పేజీ వచ్చేది అటు నుంచి. 'ప్యాకెట్ పెద్దదైంది' అనే ఐసీఎంపీ కబురును ఆ సైటు సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ఆపేస్తే, సర్వర్ 1500వే మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. కొన్ని సైట్లే ఆగడం అందుకే. క్లాంపింగ్ ఉంటే సర్వర్ మొదటి నుంచీ చిన్నవే పంపుతుంది. ఐసీఎంపీ మొత్తం మూసేయడం భద్రత అనుకునేవాళ్ల పుణ్యమే ఇదంతా.

ప్యాకెట్‌పంతులు:
రౌటర్ సెట్టింగ్‌కి తాళం ఉంటే, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో:

నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 సెట్ సబ్‌ఇంటర్‌ఫేస్ "వై-ఫై" ఎంటీయూ=1492 స్టోర్=పర్సిస్టెంట్

ఆ ఒక్క పీసీకే పనిచేస్తుంది, టీవీ, ఫోన్లు అలాగే ఉంటాయి. లినక్స్‌లో పరీక్ష: పింగ్ -ఎం డూ -ఎస్ 1464 1.1.1.1. ఇక్కడ ఎం పెద్దక్షరం, ఎస్ చిన్నక్షరం.