అప్‌డేట్: ‘అసిడ్యుయస్’ గురించి అడిగాను కదా

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పాప రిపోర్టు కార్డులో టీచర్ ‘అసిడ్యుయస్’ (assiduous) అనే ఇంగ్లీషు మాట రాశారు. దాని అర్థం, పుట్టుక ఇక్కడ అడిగితే మీరు ఓపిగ్గా చెప్పారు, అందరికీ థాంక్స్ అండి.

పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివేవాళ్లను అలా అనరు. రోజూ పట్టు విడవకుండా, శ్రద్ధగా చేసేవాళ్లకే ఆ మాట. మూలం లాటిన్ ‘అసిదేరే’, అంటే పక్కనే కూర్చోవడం. పని దగ్గరే కూర్చుని ఉండే మనిషన్నమాట. పన్ను లెక్కగట్టే ‘అసెస్’ కూడా అక్కడిదే!

నాకు భలే నచ్చింది ఇంకోటి: అందులోని ‘సెదేరే’కి (కూర్చోవడం), అదే అర్థమున్న సంస్కృతం ‘సద్’కి మూలం ఒకటే. మన సదస్సు, ఉపనిషత్తు ఆ ‘సద్’ నుంచే వచ్చాయి. గురువు దగ్గర కూర్చోవడమనే కదా ఉపనిషత్తుకు చెప్పే అర్థం! ఇవన్నీ పాప నోట్‌బుక్‌లో తెలుగులో, పక్కనే ఒడియాలో రాసుకుంది. ఇప్పుడు ‘డిలిజెంట్’ సంగతి అడుగుతోంది.