ఓటింగే జరగకుండా నామినేషన్ ఓడిపోవడం ఏమిటి?

కిట్టయ్య:
అమెరికాలో అధ్యక్షుడు పంపిన కేబినెట్ పేరును సెనేట్ ఓటేసి తిప్పికొట్టడం చివరిగా జరిగింది 1989లోనట, రక్షణ మంత్రి పదవికి పంపిన జాన్ టవర్ విషయంలో. మరి బడ్జెట్ కార్యాలయం డైరెక్టర్‌గా బైడెన్ పంపిన నీరా టాండన్, అటార్నీ జనరల్‌గా (అక్కడ న్యాయశాఖ అధిపతి) ట్రంప్ ఎంచుకున్న మాట్ గేట్జ్ వీళ్లంతా ఏ లెక్కలోకి వస్తారు? గెలవలేదు, ఓడనూ లేదు.

రాత్రిబండి:
ఓడేలా ఉంటే ఓటింగ్ దాకా రానివ్వరండీ. 2021 ఫిబ్రవరిలో నేను నిద్ర మానుకుని టాండన్ హియరింగ్ చూశాను. వెయ్యికి పైగా ట్వీట్లు ముందే తీసేసుకున్నారు. ఒకప్పుడు తను విరుచుకుపడ్డ సెనేటర్ బెర్నీ శాండర్స్ ముందే కూర్చుని తప్పయిందని ఒప్పుకోవడం చూస్తుంటే నాకే ఇబ్బందిగా అనిపించింది. సెనేట్‌లో రెండు పక్షాలూ 50-50. సొంత పార్టీ సెనేటర్ మాంచిన్ ఒక్కడు కుదరదన్నాడు, మార్చి 2న పేరు వెనక్కి. మే నెలకల్లా ఆవిడ వైట్‌హౌస్‌లో సీనియర్ సలహాదారు! ఆ కుర్చీకి సెనేట్ ఆమోదం అక్కర్లేదు మరి.

గేట్జ్ సంగతి ఇంకా చిత్రం. పేరు ప్రకటించిన ఎనిమిదో రోజే తప్పుకున్నాడు. అప్పటికి ట్రంప్ ప్రమాణమే చేయలేదు, ఇక సెనేట్‌కి కాగితం వెళ్లేదెక్కడ?

కిట్టయ్య:
మరి టవర్ ఎందుకు తప్పుకోలేదు?

రాత్రిబండి:
మొండితనం అనుకుంటా. దాదాపు 24 ఏళ్లు తను కూర్చున్న సభే కదా, కాదనరనుకుని ఉంటాడు. పదవి వస్తే మందు ముట్టనని టీవీలో మాటిచ్చినా 47-53తో పోయింది.

పాతకాగితం:
మీరు 1925 కథ వదిలేశారు. అటార్నీ జనరల్‌గా చార్లెస్ వారెన్ పేరు మీద చర్చ. ఇంకా ఆరుగురు మాట్లాడాలి, ఈపూట ఓటింగ్ ఉండదని చెప్తే ఉపాధ్యక్షుడు డాస్ కాస్త నడుం వాల్చడానికి విల్లర్డ్ హోటల్‌కి వెళ్లాడు. ఇక్కడేమో మాట్లాడాల్సినవాళ్లు మానుకున్నారు, ఓటింగ్ పెట్టేశారు. 40-40! సెనేట్‌లో ఓట్లు సమానమైతే తేల్చే ఓటు ఉపాధ్యక్షుడిదే, డాస్ వచ్చి ఒక్క ఓటేస్తే గట్టెక్కేది. కబురందుకుని టాక్సీలో వచ్చేసరికి, వారెన్ వైపు నిలిచిన ఒకే ఒక్క డెమొక్రాట్ ఓవర్‌మాన్ ఓటు మార్చుకున్నాడు. 39-41.

కిట్టయ్య:
కునుకు ఖరీదు అటార్నీ జనరల్ పదవా! అంతటితో వదిలేశారా?

పాతకాగితం:
అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ వదిలే రకమా? అదే పేరు మళ్లీ పంపాడు. 39-46. ఈసారి డాస్ ఓటుతో పనే పడలేదు.