అప్‌డేట్: మోంటానా మిస్సోరీ బ్రేక్స్‌లో వేట, చేపల యాత్ర ఎలా ముగిసిందంటే

హెచ్-1బి వీసాపై ఉన్నవారు సెప్టెంబరులో, మిస్సోరీ నది వెంబడి కోతపడిన ఎగుడుదిగుడు కొండల ప్రాంతమైన మిస్సోరీ బ్రేక్స్‌కు వేటకూ చేపలకూ వెళ్లవచ్చా, ఆ మట్టి దారులకు ఏ వాహనం కావాలి అని ఇక్కడ అడిగాను. యాత్ర ముగిసింది, సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తుపాకీ విషయం న్యాయవాదిని అడిగాను. హెచ్-1బి వంటి వలసేతర వీసాలున్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధించినా, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉందని ఆయన చెప్పారు. 1985 జనవరి 1 తరువాత పుట్టినవారికి మోంటానాలో వేట శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి కనుక, ఆ కోర్సు ముందే పూర్తిచేసి గ్రౌస్ పక్షుల వేటకే పరిమితమయ్యాను.

అన్నిటికన్నా పనికొచ్చినది వర్షసూచన చూసుకొని బయలుదేరమన్న సలహా. అక్కడి బెంటొనైట్ బంకమన్ను తడిస్తే చక్రాలకు ముద్దలుగా పట్టేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా బండి కదలదు. వాన సూచన రాగానే లోపలి దారులు వదిలి, 191వ నంబరు రహదారి దగ్గర ఫ్రెడ్ రాబిన్సన్ వంతెన పక్కనున్న జేమ్స్ కిప్ శిబిరస్థలంలో ఉండిపోయాము. అక్కడే నదిలో క్యాట్‌ఫిష్ దొరికాయి. అంతరించే ప్రమాదంలో ఉన్న ప్యాలిడ్ స్టర్జన్ అనే చేప గాలానికి పడితే వెంటనే వదిలేయాలి.

నా ప్రశ్న కింద కొందరు చర్చించిన ప్యాడిల్‌ఫిష్ అనే పెద్ద నదీ చేప సంగతి మాకు అవసరపడలేదు, ఆ వేట మే, జూన్ నెలలది. సాయంత్రం స్లిప్పరీ ఆన్ అనే చోట ఎల్క్ అనే పెద్ద జింకల మందలను చూడటానికి మాత్రం తప్పక సమయం ఉంచుకోండి. నా మటుకు వేటకన్నా అదే మిన్న.